వెట్టికి పోని ఆదివారం

వాక్యం వినడానికి తెలుగు క్రైస్తవులకు ఇప్పుడున్నంత వీలు మునుపెన్నడూ లేదు. ఆదివారం ఆరాధనలో పాఠాలు, ప్రసంగం. వారం మధ్యలో గృహకూడిక, ఉపవాస ప్రార్థన. తెల్లవారుజామున టీవీలో ఒక బోధకుడు, పడుకోబోయే ముందు యూట్యూబ్‌లో మరొకరు. వేసవి వస్తే మూడేసి రోజుల సువార్త సభలు. బైబిలు మొత్తం చదివి వినిపించే ఆప్‌లు ఫోన్లోనే ఉన్నాయి. ఇంతగా వింటున్నాం కనుక ఇంతగా నమ్ముతున్నాం అనుకోవడం సహజం. కొండమీది ప్రసంగం చివర యేసు చెప్పిన రెండిళ్ల కథ మాత్రం ఈ లెక్కను ఒప్పుకోదు. అందులో బండ మీద కట్టుకున్నవాడూ విన్నవాడే, ఇసుక మీద కట్టుకున్నవాడూ విన్నవాడే. వాన, వరద, గాలి ఇద్దరి ఇళ్లకూ సమానంగానే తగిలాయి. అసలు వినని మనిషి ప్రస్తావనే ఆ కథలో లేదు. విన్న ఇద్దరిలో ఒకడు విన్నది చేశాడు, ఒకడు చేయలేదు. ఒకే గుడిలో, ఒకే చాప మీద పక్కపక్కనే కూర్చోగలిగిన ఇద్దరి గురించి ఆయన మాట్లాడాడు. మత్తయి, లూకా ఇద్దరూ ఆ కథను ప్రసంగానికి చివరి మాటగా నిలిపారంటే, అంతవరకూ విన్నదంతా దాని మీదే ఆధారపడి ఉందని వాళ్లకు తెలుసు.

ఆచరణ రెండో మెట్టు అని మామూలుగా అనుకుంటాం. ముందు వినాలి, తర్వాత అర్థం చేసుకోవాలి, ఆపైన నమ్మాలి, చివరికి వీలు చిక్కితే చేయాలి. క్రైస్తవ లేఖనాల్లో ఈ వరస ఇలా లేదు. దేవుని ఇష్టం చేయడానికి పూనుకున్నవాడికే ఈ బోధ దేవునిదో కాదో తెలుస్తుందని యోహాను సువార్త 7వ అధ్యాయంలో యేసు అంటాడు. అంటే తెలిశాక చేయడమే కాదు, చేస్తుండగా తెలియడం కూడా ఉంది. విశ్వాసంతో వినడమంటే ఇదేనని, చేతల్లోకి దిగని మాట చెవిన పడినా అర్థం కానట్టేనని నేను అనుకుంటున్నాను. ఇందుకు బలమైన సాక్ష్యం వేదాంత గ్రంథాల్లో కన్నా నూట అరవై ఏళ్ల కిందటి ఒంగోలు చుట్టుపక్కల మాదిగపల్లెల్లో దొరుకుతుంది. ఆ పల్లెలకు వెళ్లబోయే ముందు యెరూషలేములో ఒక తండ్రినీ కొడుకునూ చూడాలి.

క్రీస్తుపూర్వం 7వ శతాబ్దం చివరి రోజులవి. దేవాలయానికి మరమ్మతులు జరుగుతుండగా ప్రధాన యాజకుడు హిల్కీయాకు ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది. లేఖికుడు షాఫాను దాన్ని రాజైన యోషీయాకు చదివి వినిపించాడు. వింటూనే రాజు బట్టలు చింపుకున్నాడు. దాని భావం కనుక్కురమ్మని హుల్దా అనే ప్రవక్త్రి దగ్గరికి మనుషుల్ని పంపాడు. తర్వాత జనాన్నంతా పోగుచేసి, చిన్నా పెద్దా అందరికీ ఆ గ్రంథం చదివి వినిపించి, దాని ప్రకారం దేశంలో చేయవలసిన పనులకు దిగాడు. కొన్నేళ్లకు ఆయన కొడుకు యెహోయాకీము గద్దె ఎక్కాడు. యిర్మీయా చెప్పగా బారూకు రాసిన గ్రంథపు చుట్ట ఈ రాజు ముందుకు వచ్చింది. తొమ్మిదో నెల, చలికాలం. రాజు శీతాకాలపు నగరులో కుంపటి ముందు కూర్చుని ఉన్నాడు. యెహూది అనే ఉద్యోగి చదువుతున్నాడు. మూడు నాలుగు వరసలు చదవడం పూర్తయ్యేసరికి రాజు లేఖికుల చాకు తీసుకుని అంతమేరకు కోసి కుంపట్లో పడేశాడు. మళ్లీ చదివించాడు, మళ్లీ కోశాడు, చుట్ట మొత్తం బూడిదయ్యేదాకా. వద్దని బతిమాలినవాళ్లు ముగ్గురు. వారిలో గెమర్యా షాఫాను కొడుకు. రాజు గాని, ఆయన సేవకులు గాని భయపడలేదని, బట్టలు చింపుకోలేదని యిర్మీయా గ్రంథం ప్రత్యేకంగా రాసిపెట్టింది. తండ్రి ఏం చేశాడో చదివేవాళ్లు మరిచిపోకూడదని కాబోలు.

యెహోయాకీము వినకుండా కాల్చలేదు. ప్రతి ముక్కా విన్నాకే కోశాడు. అతనికి అడ్డమొచ్చిందేమిటో అదే గ్రంథం 22వ అధ్యాయంలో ఉంది. దేవదారు పలకలు కప్పి, ఎర్రరంగు పూయించి, వెడల్పాటి కిటికీలతో పెద్ద మేడ కట్టుకుంటున్నాడు. పనివాళ్లకు కూలి ఇవ్వడం లేదు. అతణ్ణి ఉద్దేశించి ప్రవక్త అన్నమాట ఈ వ్యాసానికంతటికీ ఆయువుపట్టు. నీ తండ్రీ తిన్నాడు, తాగాడు, అయినా న్యాయం చేశాడు, దీనులకూ బీదలకూ తీర్పు తీర్చాడు, నన్ను తెలుసుకోవడమంటే అదే కదా అని దేవుడు అడిగినట్టు యిర్మీయా చెప్పాడు. దేవుణ్ణి ఎరిగాడు కనుక న్యాయం చేశాడని అక్కడ లేదు. న్యాయం చేయడమే దేవుణ్ణి ఎరగడమని ఉంది. కూలి ఎగ్గొట్టేవాడు గ్రంథం మొత్తం కంఠతా పట్టినా దాన్ని ఎరగనివాడే. ఈ కూలి సంగతి గుర్తుపెట్టుకోవాలి, ఒంగోలులో మళ్లీ అదే ఎదురవుతుంది.

ఆ చాకు ఇప్పుడెవరి చేతిలోనూ లేదని చెప్పలేం. డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక వాగ్దాన కార్డు తీసుకోవడం మన సంఘాల్లో స్థిరపడిన ఆనవాయితీ. పూలో జలపాతమో బొమ్మ, దాని మీద ఒక వచనం. ఏడాది పొడుగునా అది గోడ మీదో బైబిల్లోనో ఉంటుంది. జబ్బుతో, అప్పుతో, ఒంటరితనంతో నలిగే ఎందరికో అది ఊతమైన మాట నిజం, దాన్ని చులకన చేసే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ వచనం ఎక్కణ్ణుంచి తెంపి తెచ్చిందో ఒక్కసారి చూడాలి. నీరు పారిన తోటలా, ఎండిపోని ఊటలా ఉంటావన్న మాట ఆ కార్డుల మీద తరచూ కనిపిస్తుంది. అది యెషయా 58వ అధ్యాయంలోది. దానికి పైన నాలుగైదు వచనాల్లో కాడి మాను విరగ్గొట్టమని, బాధింపబడేవాళ్లను విడిపించమని, ఆకలిగొన్నవాడికి నీ అన్నం పెట్టమని, దిక్కులేనివాణ్ణి ఇంట్లోకి తెచ్చుకోమని ఉంది. ఇవి చేస్తే, అప్పుడు తోట. ఉపవాసం ఉంటూనే పనివాళ్ల చేత కఠినంగా పని చేయించుకుంటున్నవాళ్లకు ఆ అధ్యాయం చెప్పారు. అలాగే మేలు కోసమే నా తలంపులన్న యిర్మీయా 29లోని వాగ్దానం బబులోనులో పరాయివాళ్లుగా బతుకుతున్నవాళ్లకు రాసిన ఉత్తరంలోది. ఆ ఉత్తరం మొదట్లో ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ ఊరి క్షేమం కోసం పాటుపడండి అని ఉంది. వాగ్దానాన్ని ఆజ్ఞనుంచి విడదీసి దాచుకుంటే సగం చుట్టే చేతిలో మిగులుతుంది.

ఈ కోత ఎంతదాకా పోగలదో 1807లో లండన్‌లో తేలింది. కరీబియన్ దీవుల్లోని బ్రిటిష్ తోటల్లో పనిచేసే ఆఫ్రికన్ బానిసల కోసమని అక్కడ ఒక బైబిలు అచ్చువేశారు. అందులో పాత నిబంధన చాలామటుకు లేదు, కొత్త నిబంధన దాదాపు సగం లేదు. యోసేపును బానిసగా అమ్మేసినా నమ్మకంగా పనిచేసిన కథ ఉంచారు. మోషే ఇశ్రాయేలును ఐగుప్తు బానిసత్వంలోంచి నడిపించుకొచ్చిన కథ తీసేశారు. క్రీస్తులో దాసుడని స్వతంత్రుడని లేదన్న గలతీ పత్రికలోని మాట తీసేశారు. దాసులు యజమానులకు లోబడాలన్నది ఉంచారు. బ్రిటిష్ పార్లమెంటు బానిస వ్యాపారాన్ని నిషేధించింది కూడా ఆ ఏడాదే. లేఖనాన్ని అడ్డు పెట్టుకుని బానిసత్వాన్ని సమర్థించారు కదా, అలాంటి గ్రంథాన్ని ఆచరించమనడం ప్రమాదం కాదా అని అడిగేవాళ్లకు ఈ పుస్తకమే జవాబు. మొత్తం వినిపిస్తే బానిసలు ఏం చేస్తారో యజమానులకు బాగా తెలుసు. తెలియకపోతే అంత శ్రమపడి కోయనక్కరలేదు. విన్నమాట చేతగా మారుతుందని వాళ్లు నమ్మినంత గట్టిగా ఎన్నో సంఘాలు నమ్మలేదనిపిస్తుంది.

ఇక ఒంగోలు. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కుటుంబంతో అక్కడికి వచ్చాడు. అంతకు ముందు అమెరికాలో భూమి కొలిచే సర్వేయరుగా పనిచేసినవాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడింది. సభ్యులు ఎనిమిది మంది. కానీ కథ ఆయనతో మొదలు కాలేదు. తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. ఒక యోగ మార్గంలో గురువుల దగ్గర సాధన చేసి, తన వాళ్లలో గురువుగా మన్నన పొందినవాడు. తోళ్ల బేరం మీద ఉత్తర దిక్కుగా పోయినప్పుడు ఏలూరు, పాలకొల్లు ప్రాంతాల మిషనరీల నోట క్రీస్తు మాట విన్నాడు. విన్నది ఒంటపట్టించుకుని ఊరికి తిరిగి వచ్చాడు, తన వాళ్లకు చెప్పడం మొదలుపెట్టాడు. క్లౌ 1867 జనవరిలో ఆ ప్రాంతానికి వెళ్లేసరికి చింతతోపులో జనం ఎదురుచూస్తున్నారు. ఐదు రోజులు అక్కడే ఉండి విన్నాక 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో చదవడం వచ్చినవాళ్లు దాదాపు లేరు. తెలుగులో సువార్తలు అచ్చయి అప్పటికి యాభై ఏళ్లు దాటింది, కానీ అవి వీళ్ల చేతుల్లోకి వచ్చేవి కావు, వచ్చినా అక్షరాలు పలికేవి కావు. వీళ్లకు వాక్యమంటే పూర్తిగా చెవిన పడేదే. పదే పదే చెప్పించుకుని, పాటగా కట్టుకుని, ఇంటికి పోయి ఇంకొకరికి ఒప్పజెప్పేది.

క్లౌ వాళ్లను అడిగినవి మూడు. ఆదివారం పనిచేయవద్దు, చచ్చిన పశువుల మాంసం తినవద్దు, విగ్రహాలకు మొక్కవద్దు. ఈనాడు చదివేవాళ్లకు ఇది మతం మారినవాళ్లకు పెట్టే మామూలు నియమాల పట్టీలా కనిపిస్తుంది. ఆ కాలపు పల్లెలో అవేమిటో దగ్గరగా చూస్తే గాని బరువు తెలియదు. మాదిగ కుటుంబం తరతరాలుగా ఒక రైతు ఇంటికి కట్టుబడి ఉండేది. ఆ ఇంటి చెప్పులు, పశువుల తోలు పట్టెడలు, మోట తోలే తోలుబాన వీళ్లు కుట్టాలి, చినిగితే బాగుచేయాలి. విడిగా కూలి లేదు, కోతల కాలంలో కల్లం దగ్గర ఇంత ధాన్యం కొలుస్తారు. పశువు చస్తే ఈడ్చుకుపోవడం వీళ్ల వంతు, తోలు తీసి పదును చేయడం వీళ్ల వంతు, ఆ మాంసమే వీళ్ల తిండి. గ్రామదేవత జాతర వస్తే డప్పు కొట్టడం వీళ్ల విధి. ఇందులో ఏ ఒక్కటీ కాదనడానికి లేదు. ఇప్పుడు మడిలో నీళ్లు పారుతుండగా ఆదివారం పొద్దున బాన చినిగిందనుకోండి. రైతు కబురు పెడతాడు. రేపు వచ్చి కుడతానని మాదిగ చెప్పి పంపుతాడు. ఊరి చరిత్రలో ఆ ఇంటి నుంచి ఆ మాట రావడం అదే మొదటిసారి. ఏడింట ఒక రోజు తన కాలం తనదేనని, అది రైతు ఇచ్చింది కాదు దేవుడిచ్చిందని చెప్పడమది. విశ్రాంతి దినం గురించి ద్వితీయోపదేశకాండంలో చెప్పిన కారణం కూడా ఇదే. మీరు ఐగుప్తులో దాసులై ఉండి విడుదల పొందినవాళ్లు, కాబట్టి మీ దాసుడికీ దాసికీ కూడా ఆ రోజు విశ్రాంతి ఉండాలి. వ్యాఖ్యానాలు చదివి పండితులు గ్రహించే ఈ సంగతిని అక్షరం రాని మనిషి పని మానేసి గ్రహించాడు. ఆ ఆజ్ఞ ఎవరి కోసం ఇచ్చారో అతనికి ఆ ఆదివారమే అర్థమైంది.

ఊరికీ అర్థమైంది. జీతం లేని పని ఒక్క రోజు ఆగితే మిగతా ఆరు రోజుల గురించి ప్రశ్న పుడుతుందని కరణాలకు, మునసబులకు, పెద్ద రైతులకు తెలియకపోలేదు. కల్లంలో ధాన్యం కొలవడం ఆపారు. నీళ్లకు అడ్డుపడ్డారు. కొట్టారు. లేనిపోని నేరాలు మోపి జైలుకు పంపారు. కొన్ని కేసుల్లో క్లౌ కోర్టుదాకా వెళ్లవలసి వచ్చింది. ఈ మూడు మాటలు ఊరికే మతాచారాలైతే ఇంత రేగనక్కరలేదు. విత్తువాడి ఉపమానంలో రాతినేల మీద పడ్డ విత్తనం వాక్యం నిమిత్తం శ్రమ రాగానే ఎండిపోతుందని యేసు చెప్పాడు. ఒంగోలు పల్లెల్లో వెనక్కి పోయినవాళ్లూ ఉన్నారు. నిలిచినవాళ్లు మాత్రం వేరు దిగినవాళ్లని ఊరు పెట్టిన హింసే చూపించింది.

వినిపించేవాడు కూడా వినవలసి వచ్చింది, ఈ చరిత్రలో నాకు ఎక్కువ విలువైనదిగా తోచేది ఆ భాగం. ఒంగోలులో బ్రాహ్మణులు, ఇతర పై కులాలవాళ్లు మొదట్లో క్లౌ పట్ల సుముఖంగానే ఉన్నారు, పిల్లల్ని ఆయన బడికి పంపారు. మాదిగలను చేర్చుకునేటట్టయితే మేం రామని చెప్పారు. పై కులాలు కలిసి వస్తే కిందివాళ్లు వాళ్ల వెనకే వస్తారని లెక్క వేసుకోవడానికి కావలసినంత ఆస్కారం ఉంది. ఆ తర్జనభర్జనలో ఉండగా తాను బైబిలు తెరిస్తే 1వ కొరింథీ పత్రిక మొదటి అధ్యాయం చివరి భాగం కంటబడిందని, వేరే గదిలో భార్య కూడా అదే భాగం తెరిచి చదువుతూ ఉందని క్లౌ తన జ్ఞాపకాల్లో చెప్పుకున్నాడు. లోకం నీచులుగా, లెక్కకు రానివాళ్లుగా చూసేవాళ్లను దేవుడు ఏర్పరచుకున్నాడని పౌలు చెప్పే చోటు అది. దంపతులిద్దరూ దాన్నే జవాబుగా తీసుకున్నారు. మాదిగలు వచ్చారు, పై కులాల పిల్లలు వెళ్లిపోయారు. బైబిలు యథాలాపంగా తెరిచి దారి వెతకడం మంచి అలవాటని నేను అనను, దానితో ఎన్ని అనర్థాలైనా జరుగుతాయి. ఇక్కడ పేజీ తెరుచుకోవడం కన్నా దాన్ని పాటించడం పెద్ద సంగతి. ఆ వచనం క్లౌకి కొత్త కాదు, ఎన్నోసార్లు ప్రసంగించి ఉంటాడు. తన బడి ఖాళీ అవుతుందని తెలిసీ చేసినప్పుడే అది అతని వచనమైంది.

1876 నుంచి 1878 వరకు మద్రాసు ప్రెసిడెన్సీని పీల్చి పిప్పిచేసిన కరువు వచ్చింది. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పనిని క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నాడు. సర్వేయరు విద్య అక్కరకొచ్చింది. వేలమంది అక్కడ తవ్వి, మట్టి మోసి, కూలి తీసుకుని బతికారు. బోధకులే మేస్త్రీలుగా ఉండి, పని ఆగినప్పుడల్లా జనం మధ్య కూర్చుని మాట్లాడేవారు. ప్రయాసపడి భారం మోస్తున్నవాళ్లారా రండి అన్న క్రీస్తు పిలుపు తలమీద మట్టితట్ట ఉన్నవాడికి ఎలా వినబడుతుందో నీడపట్టున కూర్చుని చదివే మనకు పూర్తిగా అందదు. ఇక్కడే గట్టి ఆక్షేపణ ఉంది. తిండి కోసం చేరినవాళ్లది విశ్వాసమా? ఆ అనుమానం క్లౌకే వచ్చింది. అందుకే కరువు పనులు సాగిన కాలమంతా, సుమారు 15 నెలలు, ఎంతమంది అడిగినా బాప్తిస్మం ఇవ్వలేదు. పనులు ముగిశాక, ఇక పంచడానికి ఏమీ లేదని చెప్పాక కూడా జనం వదల్లేదు. ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో, ఊరి వారీగా ఒక్కొక్కరినీ బోధకులు విచారించాక, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరేసి చొప్పున వంతులవారీగా నీళ్లలో నిలబడి ఇచ్చారు. ఆ ఏడాది చివరికి కొత్తగా చేరినవాళ్లు 9,000 దాటారు.

ఈ జాగ్రత్తలన్నీ చెప్పాక కూడా ఆక్షేపణ పూర్తిగా పోదు, పోనక్కరలేదు. వాళ్లలో ఆకలి ఉంది, మర్యాదగా బతకాలన్న ఆశ ఉంది, పిల్లలకు బడి దొరుకుతుందన్న ఆలోచన ఉంది. అది కలగలుపు విశ్వాసం అనేవాళ్లను ఒకటి అడగాలి. కలగలుపు కాని విశ్వాసం ఎవరిది? ఐదు రొట్టెలు తిన్న జనం మర్నాడు వెతుక్కుంటూ వస్తే, రొట్టెల కోసమే వచ్చారని యేసు మొహం మీదే చెప్పాడు. కానీ పొమ్మనలేదు, వాళ్లతోనే మాట్లాడాడు. అన్ని హక్కులూ ఉన్నవాడు ఆత్మ గురించి మాత్రమే ఆలోచించగలడు. మనిషిగా లెక్కలోకి రానివాడు నువ్వు దేవుని పోలికలో పుట్టావన్న మాట విన్నప్పుడు, ఆ ప్రకారం నిలబడి నడవాలనుకోవడం ఆ మాటను సరిగ్గా విన్నందుకు గుర్తు. పైగా వాళ్లకు వచ్చింది తక్కువ, పోయింది ఎక్కువ. కల్లంలో కొలిచే ధాన్యాన్ని వదులుకుని లాభం కోసం వచ్చారనడం అన్యాయం.

ఇంకో వైపు నుంచి, దళిత చైతన్యం వైపు నుంచి, ఈనాడు వచ్చే ప్రశ్న ఇంకా లోతైంది. తిండిని హీనమైందనడం పై కులాల భాష కాదా, డప్పును వదిలేయమనడం సొంత కళను కాదనుకోవడం కాదా అని. ఈ విమర్శలో నిజముంది. మిషనరీలు చాలామంది తమ ఇంటి అలవాట్లను సువార్తతో కలిపి ఇచ్చారు. తినే తిండి వల్ల ఎవరూ అపవిత్రులు కారని చెప్పింది యేసే. డప్పు ఇప్పుడు మాదిగల ఆత్మగౌరవానికి గొంతు, దాన్ని గుడిలో మోగించే సంఘాలు రావాలి. కానీ నాటి డప్పు పిలిస్తే పోయి కొట్టి తీరవలసిన డప్పు. నాటి మాంసం వేరే తిండికి దారి లేక మిగిలిన కూడు. కాదనే వీలు లేనిచోట ఔననడానికి కూడా విలువ ఉండదు. పూర్వులు నాడు కాదన్నారు కాబట్టే వారసులు నేడు ఇష్టపూర్వకంగా ఔననగలుగుతున్నారు.

సంఘాల లోపలి నుంచి వచ్చే అభ్యంతరం వేరు. రక్షణ కృప వల్ల, విశ్వాసం వల్ల కలుగుతుంది గాని క్రియల వల్ల కాదు. ఇలా చేతల మీద బరువు పెడితే కృపను తక్కువ చేసినట్టే కదా అని. క్రియలు లేని విశ్వాసం మృతమన్న యాకోబు పత్రికను మార్టిన్ లూథర్ 1522లో గడ్డితో పోల్చాడన్నది నిజమే. అదే ఏడాది రోమా పత్రికకు రాసిన పీఠికలో, విశ్వాసం బతికున్నది, క్షణం ఊరుకోనిది, మంచిపని చేయాలా అని అడిగేలోపే చేసి ఉండేది అని కూడా ఆయనే రాశాడు. పౌలు, యాకోబు పోట్లాడుకుంటున్నారని నేను అనుకోను. దేవుని ప్రేమను పనులతో కొనలేవని ఒకరు చెబుతున్నారు. దాన్ని అందుకున్నానంటూ కదలకుండా కూర్చోలేవని ఇంకొకరు చెబుతున్నారు. ఒంగోలు మాదిగలు ఆదివారం పని మానడం వల్ల దేవుడు వాళ్లను ప్రేమించలేదు. దేవుడు ప్రేమించాడని నమ్మినందువల్ల పని మానగలిగారు. కూలి లేకుండా పనిచేయించుకునే ఊరిలో, ఏమీ అడక్కుండా తనను స్వీకరించిన యజమాని ఒకడున్నాడని నమ్మకపోతే ఆ ధైర్యం వచ్చేది కాదు. కృపే ఆ చేతకు ఊపిరి.

చెప్పినట్టు చేయండి అనే మాటను వేదిక మీది మనిషి తన స్వార్థానికి వాడుకోడా అన్న భయం కూడా ఉత్తది కాదు. మందులు మానేయమన్నవాళ్లను, ఉన్నదంతా కానుక పెట్టమన్నవాళ్లను చూస్తూనే ఉన్నాం. వాక్యానికి లోబడటం, వాక్యం చెప్పేవాడికి లోబడటం ఒకటి కాదు. పౌలు అంతటివాడు చెప్పినా, అది నిజమో కాదో అని బెరయ ఊరివాళ్లు రోజూ లేఖనాలు వెదికి చూసుకున్నారు, అపొస్తలుల కార్యాల గ్రంథం అందుకు వాళ్లను మెచ్చుకుంది. ఇంకో గుర్తు కూడా ఉంది. మోయలేని బరువులు కట్టి మనుషుల భుజాల మీద పెట్టి, తాము వేలైనా కదపనివాళ్ల గురించి యేసు ఘాటుగా మాట్లాడాడు. ఒక బోధను ఆచరిస్తే బరువు ఎవరి మీద పడుతోంది, ఎవరి మీద నుంచి దిగుతోంది అన్నది చూస్తే సగం విషయం బోధపడుతుంది. ఒంగోలులో క్లౌ బడి ఖాళీ అయింది, మాదిగలకు ఏడో రోజు దక్కింది.

బైబిల్లోని మరో సభలో, ఇదంతా రోజువారీ బతుకులో ఎంత చిన్నగా మొదలవుతుందో కనిపిస్తుంది. చెరనుంచి తిరిగి వచ్చిన యూదులకు ఎజ్రా నీటి గుమ్మం ముందున్న మైదానంలో, పొద్దు పొడిచినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివి వినిపించాడు. లేవీయులు జనం మధ్యకు పోయి అర్థం విడమరిచారు. జనం విని ఏడ్చారు. ఏడవకండి, ఇంటికి పోయి తినండి, ఏమీ వండుకోనివాళ్లకు వంతులు పంపండి అని నెహెమ్యా, ఎజ్రా, లేవీయులు చెప్పారు. మర్నాడు పెద్దలు ఇంకా తెలుసుకోవాలని మళ్లీ కూడితే, ఆ నెలలోనే పర్ణశాలల్లో ఉండాలన్న ఆజ్ఞ కనబడింది. జనం కొండలకు పోయి ఒలీవ కొమ్మలు, గొంజి కొమ్మలు, ఈతమట్టలు తెచ్చి ఎవరి మిద్దె మీద వాళ్లు, ఎవరి వాకిట్లో వాళ్లు పందిళ్లు వేసుకున్నారు. యెహోషువ కాలం తర్వాత అలా జరగలేదట. ఏడుపు నిజమైందే, కానీ నెహెమ్యా గ్రంథం ఎక్కువ చోటు ఇచ్చింది అన్నపు వంతులకు, కొమ్మలకు.

మన సంఘాల్లో కన్నీళ్లకు కొదవ లేదు. కొమ్మల విషయమే తేలవలసి ఉంది. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడు వస్తే మంచి చోట కూర్చోబెట్టి, మాసిన బట్టలవాణ్ణి నా కాళ్ల దగ్గర కూర్చోమంటే మీ విశ్వాసం ఏపాటిదని యాకోబు అడుగుతాడు. కుర్చీల సంగతి చాలాచోట్ల సర్దుకుంది. పెళ్లి సంబంధాల ప్రకటనల్లో క్రిస్టియన్ అన్న మాట పక్కన మాల, మాదిగ, రెడ్డి, కమ్మ అని ఇంకా అచ్చవుతూనే ఉంది. గలతీ పత్రిక మీద వంద ప్రసంగాలు విన్న తల్లిదండ్రులే ఆ ప్రకటన ఇస్తున్నారు. పెళ్లి వ్యక్తిగతం, సంఘం ఎలా కల్పించుకుంటుంది అంటారు. పేరయ్య కాలంలో చినిగిన తోలుబాన కూడా రెండిళ్ల మధ్య సంగతే. 1807లో కోసేసిన ఆ వచనం మన బైబిళ్లలో చెక్కుచెదరకుండా ఉంది. బాప్తిస్మాలప్పుడు దాన్ని చదువుతాం కూడా. అలా చదివి వినిపించిన కాపరి, ఆ నెలలోనే తన సంఘంలోని ఒక మాల కుటుంబాన్నీ ఒక మాదిగ కుటుంబాన్నీ సంబంధం కోసం ఒకచోట కూర్చోబెడితే, ఆ ఊళ్లో కొందరు గుడి మానేస్తారు. ఒంగోలు బడి నుంచి అలాగే వెళ్లిపోయారు.